కాళ్ళవైపు పట్టుకున్న మనిషి

వెనక పడుకున్నది సొంత తమ్ముడని తెలిసి కూడా స్టీరింగు వదలకుండా బండి తోలి, కర్తవ్యం నెరవేర్చిన అంబులెన్సు డ్రైవరు కథ మీరు వినే ఉంటారు. ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లలకు శిక్షణలో ఆ కథ తప్పకుండా చెబుతారట. చెప్పేవాళ్ళ గొంతు వణుకుతుందట, వినేవాళ్ళు చప్పట్లు కొడతారట. కొట్టేముందు ఒక్క మాట వినండి. ఆ కథ చెప్పేవాళ్ళలో ఒక్కరు కూడా ఆ రోజు ఆ బండిలో లేరు. ఉన్నది మేం ముగ్గురం. ముందు తోలుతున్న ఆయన, వెనక నేను, నా ముందు స్ట్రెచర్ మీద ఆయన తమ్ముడు. తమ్ముడు పోయాడు. ఆయన నోరు విప్పలేదు. నన్ను ఎవరూ అడగలేదు. మరి ఆయనకు తెలుసని వీళ్ళకు ఎవరు చెప్పారు?

ఇంకో కథ ఉంది. అది టీ అంగళ్ళ దగ్గర డ్రైవర్లు చెప్పుకునేది. అందులో పాపం ఆయనకేమీ తెలీదు. వెనకున్న నర్సమ్మది రాతిగుండె, తమ్ముడని దారిలో చెప్పకుండా దాచి అన్నదమ్ములను ఆఖరి మాట మాట్లాడుకోనివ్వలేదు. ఆ నర్సమ్మ నేనే. మొదటి కథకన్నా ఇందులో నిజం ఎక్కువ, కాదనను. కానీ ఆయనకు తెలీదని ఇంత గట్టిగా చెప్పడానికి వీళ్ళ దగ్గరా ఏమీ లేదు. నా దగ్గర కొంచెం ఉంది. అది రాస్తున్నాను. తప్పు ఒప్పుకోవడానికి రాస్తున్నానని మాత్రం అనుకోకండి. ఆ మధ్యాహ్నం మళ్ళీ వస్తే నేను మళ్ళీ అదే చేస్తాను.

నేను పుట్టింది గుంతకల్లు, చదివింది అనంతపురం, పెళ్ళయి వచ్చింది బళ్ళారి సత్యనారాయణపేటకు. మా అత్తవారిది బజారులో బట్టల వ్యాపారం. డిగ్రీ అయి, నర్సింగు కూడా చదివిన కోడలు అంబులెన్సు ఎక్కుతానంటే, "గల్లా దగ్గర ఫ్యాను కింద కూచోక ఎందుకమ్మా ఈ నెత్తురు పని" అన్నారు. నేను వినలేదు. వినడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు లేదు.

ఈ పని చేసేవాళ్ళు ఆ ఒత్తిడిని ఎట్లా తట్టుకుంటారని కొత్తగా ఉద్యోగంలో చేరిన మీలాంటి పిల్లలు నన్ను అడుగుతుంటారు. దానిమీద మాకు ఒకసారి క్లాసు కూడా పెట్టారు. బెంగళూరు నుంచి ఇస్త్రీ నలగని చొక్కాతో ఒక సారు వచ్చాడు. కళ్ళు మూసుకోండి, గాలి నిండా పీల్చండి, సముద్రం ఒడ్డున నడుస్తున్నట్టు ఊహించుకోండి అన్నాడు. మా బండి పైలట్ చెయ్యెత్తాడు. అంబులెన్సు డ్రైవరును మేం పైలట్ అంటాం, రెక్కలు లేకపోయినా.

"సార్, నేను సముద్రం చూళ్ళేదు. తుంగభద్ర కాలువ ఉండాది. సరిపోతాదా?"

"ఏదైనా పరవాలేదు."

"ఆ కాలువ కాడికి పోయినప్పుడల్లా ఎవుర్నో ఒకర్ని ఎత్తుకొచ్చిందే సార్. ఇంగోటి చెప్పండి."

గది గొల్లుమంది. సారు కూడా నవ్వాడు, కానీ ఇంకోటి చెప్పలేకపోయాడు. అప్పుడు చెప్పలేనిది నేను ఇప్పుడు చెబుతాను. ఎవరి మందు వాళ్ళు కనిపెట్టుకుంటారు. నా తోటి నర్సు ఒకామె ఇంటి గేటు దగ్గరే యూనిఫాం విప్పి బకెట్లో ముంచేది. తలస్నానం చేశాకే పసిబిడ్డను ముట్టుకునేది. చలికాలం జ్వరమొచ్చినా అంతే. ఇంకో పైలట్ ఇక్కడ రాయలేని జోకులు చెప్పేవాడు. బంధువులు ఇంకా ఆసుపత్రి వరండాలో ఏడుస్తుండగానే, బండి వెనక చేరి మేం నవ్వేవాళ్ళం. చూసినవాళ్ళు మమ్మల్ని మనుషులే కాదనుకొని ఉంటారు. నా మందు తగాదా. చెడ్డ కేసు దింపాక నాకు ఎవరో ఒకరితో గొడవపడాలి. ఆసుపత్రి గేటు వాచ్‌మనో, టమాటాలమ్మే ఆమెనో, ఎవరూ దొరక్కపోతే మా ఆయనో. మా ఆయన తెలివైనవాడు. గుమ్మంలో నా ముఖం చూడగానే, "ఈపొద్దు పప్పులో ఉప్పెక్కువైంది. నేనే వేసినా. తిట్టు" అనేవాడు. తిట్టేదాన్ని. తిట్టాక అన్నం సహించేది.

మా పైలట్‌ది వేరే పద్ధతి. ఆయన ముఖాలు చూసేవాడు కాడు.

ఇద్దరం ఒకే బండికి పడిన మొదటిరోజే చెప్పాడు. "అక్కా, తలవైపు నువ్వు, కాళ్ళవైపు నేను. ఇది మాత్రం మార్చొద్దు."

"ఏమప్పా, కాళ్ళవైపు బరువు తక్కువనా?"

"బరువు మాట కాదక్కా. ముఖం చూస్తే అది మన వెంట ఇంటికొస్తాది. కాళ్ళు రావు."

నేను దాన్ని వేళాకోళం అనుకున్నాను. కాదు. బండి వెనక్కి తెచ్చి ఆపడం, తలుపులు తీయడం, చూపు నేలమీదనుంచి లేపకుండా కాళ్ళ దగ్గరికి పోవడం, ఎత్తడం, తోలడం, దింపడం. క్యాజువాలిటీ తలుపు దాకా స్ట్రెచర్ లాగి, అక్కడినుంచి వెనక్కి తిరిగి బండి కడుక్కోవడం. ఎంతోమందిని మేం ఇద్దరం కలిసి ఎత్తాం. వాళ్ళలో ఒక్కరి ముఖమూ ఆయనకు తెలీదు. కాళ్ళు మాత్రం చదివేవాడు. ఎత్తేటప్పుడు ఒక్క మాట అనేవాడు. "వరి మళ్ళో దిగే కాళ్ళక్కా, చూడు ఆ పగుళ్ళు." "టైలరమ్మ, కుడిపాదం చూడు ఎట్ల అరిగిందో." "కొత్త చెప్పులు. యాడికో పండగకు బయలెల్లినాడు." అట్లా ఒక్క మాట అని ఎత్తేవాడు. అంతటితో ఆ మనిషితో ఆయన లెక్క తీరిపోయేది.

ఇంకొక్క అలవాటు. ముందు సీటుకూ వెనక గదికీ మధ్య పక్కకు జరిపే చిన్న అద్దపు కిటికీ ఉంటుంది. దారి మధ్యలో ఒకసారి, "అక్కా, ఎట్లుండాది?" అని ఆ కిటికీలోంచి అడిగేవాడు. దాన్నిబట్టే వేగం పెంచేవాడు, తగ్గించేవాడు. కిటికీ మూసి ఉంటే అద్దం మీద వేలితో కొట్టి అడిగేవాడు. అడగకుండా ఒక్క కేసూ తోలలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఆయన చెప్పుల్లేకుండా తోలేవాడు. కాలికి తగిలితేనే బండి మాట వింటుందట. అందుకని ఆయన పాదాలు నాకు బాగా తెలుసు. బొటనవేలి పక్క వేలు దానిమీదికి ఎక్కి కూర్చున్నట్టు వంకరగా ఉండేది. నేను ఎగతాళి చేస్తే, "మా నాయనకూ ఇట్లే, మా తమ్మునికీ ఇట్లే. మా ఇంట్లో ఆధార్ కార్డు ఇదేనక్కా" అన్నాడు.

ఆ తమ్ముడు నాకు తెలిసినవాడే. వాళ్ళది తెక్కలకోట. అన్న బళ్ళారిలో ఇల్లు బాడుగకు తీసుకుంటే, తమ్ముడూ అక్కడే ఉంటూ కుడతినిలో బొగ్గుతో నడిచే కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పనికి పోయేవాడు. షిఫ్టుకు పోతూ దారిలో మా బండి నిలబడే చోట ఆగి, అన్నకు జొన్నరొట్టె, గోంగూరతో చేసిన పుండికూర ఇచ్చిపోయేవాడు. వదిన నాకూ ఒకటి ఎక్కువ చుట్టేది.

"అక్కా, నువ్వే తినిపించు మా అన్నకు. ఆ చేతుల్తో పొద్దన్నుంచి ఏమేమి పట్టుకున్నాడో ఏమో" అనేవాడు.

"పోరా, బూడిద నాయాలా. ముందు నీ ముఖం కడుక్కో పో" అనేవాడు అన్న.

"ఇది బూడిద కాదన్నా, పవుడరు. రేపు పిల్లను చూసేకి పోవల్ల గదా."

అంత చొరవ, అంత గోల. అతను బైకు తిప్పుకొని పోయేదాకా అన్న అక్కడే నిలబడి, "హెల్మెట్టు పెట్టుకోరా" అని అరిచేవాడు. తమ్ముడు చెయ్యి ఊపేవాడు. అది సరే అనడమో, పోన్నా అనడమో ఎవరికీ తెలిసేది కాదు.

ఆ రోజు ఎండాకాలం మధ్యాహ్నం. కుడతిని దారిలో టిప్పరు కింద బైకు పడిందని కాల్ వచ్చింది. మేం పోయేసరికి టిప్పరు రోడ్డుకు అడ్డం తిరిగి ఉంది. అందులోని ప్లాంటు బూడిద సగం రోడ్డుమీద, సగం గాల్లో. బైకు దాని కింద నలిగి, రంగు కూడా తెలియకుండా ఉంది. మనిషిని పక్కకు లాగి పడుకోబెట్టారు. తలనుంచి కాళ్ళదాకా బూడిద, దానిమీద నెత్తురు, రెండూ కలిసి ముఖం మీద సిమెంటు పూసినట్టు అయింది. చుట్టూ జనం, చేతుల్లో ఫోన్లు.

"ఫోన్లు లోపల పెట్టండప్పా! మీ తమ్ముడైతే తీస్తారా ఇట్లా?" అని అరిచాను.

నా నోటినుంచి వచ్చిన మాటే అది. అప్పటికి నాకూ తెలీదు. ఆయన నా పక్కనే స్ట్రెచర్ దింపుతున్నాడు.

ఊపిరి ఉంది, నాడి సన్నగా, పరుగెత్తుతోంది. నడుము దగ్గర ఎముకలు విరిగాయని చెయ్యి వేయగానే తెలిసింది. నేను తలవైపు, ఆయన కాళ్ళవైపు. ఆయన చూపు ఎప్పటిలాగే కిందికే ఉంది. "ప్లాంటు బూట్లక్కా. ఎత్తు" అన్నాడు. అంతే. గొంతులో తేడా ఏమీ లేదు. లేదనే నాకు గుర్తు.

తలుపులు పడ్డాయి, బండి కదిలింది. నడుముకు దుప్పటి చుట్టి బిగించాను, సెలైను పెట్టాను, ఆక్సిజన్ మాస్కు తొడగాలని తడిగుడ్డతో ముఖం తుడిచాను. ముందు నుదురు వచ్చింది, తర్వాత కళ్ళు, తర్వాత ఆ పెదవులు. పవుడరు అన్న పెదవులు.

మనిషిని గుర్తుపట్టడం అంటే ఒక్కసారిగా జరుగుతుందనుకుంటారు. కాదు. నా చెయ్యి తుడుస్తూనే ఉంది. అతను కాదని తేలేదాకా తుడుద్దామన్నట్టు.

కళ్ళు తెరిచాడు. "అక్కా."

"మాట్లాడొద్దప్పా. ఊపిరి తీసుకో, మెల్లగా."

"అన్న తోలుతాండాడా?"

"ఊఁ."

"హెల్మెట్టు ఇంట్లోనే పెట్టి వచ్చినా. కోపం చేస్తాడు."

"చెయ్యడులే. నేను చెప్తా."

"ఒక్కసారి పిలువక్కా."

ఇక్కడ ఆగి నా లెక్క చెప్పాలి. టీ అంగడిలో కూర్చుని రాతిగుండె అనేవాళ్ళు కూడా వినాలి. కడుపు నా చేతికింద గట్టిపడుతోంది. అంటే నెత్తురు లోపల నిండుతోంది. నా దగ్గరున్నవి దుప్పటి, సెలైను, ఆక్సిజన్. వాటితో ఆ నెత్తురు ఆగదు. పెద్దాసుపత్రిలో కత్తి పట్టిన డాక్టరు చేతిలోనే అది ఆగాలి, ఆగితే. దారిపొడుగునా లారీలు. ఇప్పుడు నేను కిటికీలోంచి "అప్పా, వెనకున్నది నీ తమ్ముడు" అన్నాననుకోండి. ఆయన తల తిప్పి చూడొచ్చు. బండి ఆపి వెనక్కి రావొచ్చు. లేదా పిచ్చిపట్టినట్టు తొక్కొచ్చు. ఇందులో తమ్ముణ్ణి బతికించేది ఏది? మీరు చెప్పండి. నేను ఆ పూటనుంచీ వెతుకుతున్నాను, దొరకలేదు.

కానీ వెనక పడుకున్న మనిషికి నా లెక్క అక్కర్లేదు. అతనికి అన్న కావాలి. మాస్కు పక్కకు లాక్కొని, ఉన్న బలమంతా కూడగట్టి, "అన్నా" అని కేకేశాడు. నేను చెయ్యి చాచి కిటికీ మూశాను.

కేక ముందా, కిటికీ ముందా? అది నాకు గుర్తులేదు. నిజంగా లేదు. ఒకరోజు కేక ముందు వినబడుతుంది, ఒకరోజు అద్దం టక్కున పడిన చప్పుడు ముందు వినబడుతుంది. కేక వినబడినా ఏమీ తేలదనుకోండి. దెబ్బ తగిలినవాళ్ళు అందరూ అమ్మా అంటారు, అన్నా అంటారు. బాధలో గొంతు ఎవరిదైనా ఒకటే. మా పైలట్ అట్లాంటి కేకలు వింటూ ఎన్ని ఏళ్ళు తోలాడు!

"పెద్దాసుపత్రి కాడ అన్నే నిన్ను ఎత్తుకుంటాడు. అప్పుడు మాట్లాడుదువు" అన్నాను.

"సరేక్కా" అన్నాడు. చెప్పిన మాట విన్నాడు. ఎప్పుడూ విననివాడు.

ఆ తర్వాత మాట లేదు. కాళ్ళకు నెత్తురు అందుతోందా లేదా చూడాలని బూట్లు తీయబోయాను. ముడి రాలేదు, కత్తెరతో కోశాను. ఒక బూటుకు మామూలు లేసు. రెండోదానికి లేసు బదులు నీలం నైలాన్ తాడు ముక్క. మా ఆక్సిజన్ సిలిండరు పట్టీ తెగిపోతే, బాగుచేయించేవాళ్ళు దొరక్క మా పైలటే నీలం నైలాన్ తాడు తెచ్చి కట్టాడు. ఆ సిలిండరు నా మోకాలి పక్కనే ఉంది. తాడును చూశాను, లేసును చూశాను. అట్లాంటి తాడు బళ్ళారి బజారులో ఏ అంగట్లో అడిగినా మూరల లెక్కన కోసిస్తారు. అదే తాడని నేను ప్రమాణం చేయలేను. కాదని కూడా చేయలేను. లేసు తెగిన తమ్ముడికి అన్న ఒక ముక్క కోసి ఇవ్వడం ఎంత పని? మరి ఆ ముడి ఆయనే వేసి ఉంటే, రోడ్డుమీద "ప్లాంటు బూట్లక్కా" అన్నప్పుడు ఆయన చూసింది ఏమిటి?

బళ్ళారి దగ్గరపడింది. అప్పుడు తట్టింది నాకు. ఆయన అడగలేదు. దారి మధ్యలో "అక్కా, ఎట్లుండాది?" అని అడగలేదు. అద్దం మీద కొట్టనూ లేదు.

ఆసుపత్రి ముందు బండి ఆగింది. తలుపులు తీశాడు, చూపు కిందికి. బూడిదంతా బూట్లమీదే ఉండిపోయింది కాబట్టి పాదాలు శుభ్రంగా ఉన్నాయి. పక్కవేలు బొటనవేలి మీదికి ఎక్కి కూర్చుని ఉంది. ఆయన పాదాలు కింద నేలమీద, తమ్ముడి పాదాలు ఆయన ఛాతీ ఎత్తున. ఒకే అచ్చు. ఆయన పిడి పట్టుకోవడానికి చెయ్యి చాచి, ఆగాడు. ఆగినట్టే నాకు అనిపించింది. కానీ బళ్ళారి ఎండలో ఇనుము పట్టుకునేముందు ఎవరైనా ఒక క్షణం ఆగుతారు. చూశారా, ఏది పట్టుకున్నా రెండు వైపులా జారిపోతుంది.

లాగాడు. క్యాజువాలిటీ తలుపు దాకా వచ్చాడు. ఎప్పటిలాగే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

నేను డాక్టరుకు అప్పజెప్పి, చెప్పాల్సినవి చెప్పి బయటికి పరుగెత్తాను. ఆయన బకెట్టుతో బండి లోపల నీళ్ళు కొడుతున్నాడు. బూడిద, నెత్తురు కలిసి మెట్టుమీదినుంచి కారుతున్నాయి.

"అప్పా, లోపలుండేది నీ తమ్ముడు."

ఆయన నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. బకెట్టు ఖాళీ అయ్యేదాకా పోశాడు. దాన్ని కింద పెట్టాడు. అప్పుడు నావైపు చూడకుండా అడిగాడు.

"మాట్లాడినాడా అక్కా?"

మీరైతే ఏమంటారో నాకు తెలీదు. పిలిచాడని చెబితే, మరి నన్నెందుకు పిలవలేదంటాడు. అది నాకు భయం కాదు, తగాదాకు నేనెప్పుడూ సిద్ధమే. నేను భయపడింది ఆ తర్వాత బతుకంతా ఆయన వినబోయే కేకకు. ఆయన పద్ధతే నేను ఆయనకు వాడాను. ఇంటికి వెంటవచ్చేది ఏదీ చూపించకూడదు.

"లేదప్పా. స్పృహ లేదు" అన్నాను.

"ఆయ్తు" అన్నాడు. సరే అని కన్నడంలో. చేతులు కడుక్కున్నాడు. తర్వాత లోపలికి పరుగెత్తాడు. అప్పటికే నోట్లో గొట్టం వేసి తమ్ముణ్ణి ఆపరేషన్ గదికి తీసుకుపోతున్నారు. ఆ సాయంత్రం వెలుతురు ఉండగానే తమ్ముడు పోయాడు. ఆ రోజు తమ్ముడి ముఖం ఆయన మొదటిసారి చూసింది ఆసుపత్రి వరండాలోనే. అట్లా అనుకోవాలి మరి.

ఇంటికి పోయాను. మా ఆయన గుమ్మంలో నా ముఖం చూసి, "పప్పులో…" అని మొదలుపెట్టి ఆపేశాడు. ఆ రోజు నేను ఎవరితోనూ గొడవపడలేదు.

"మాట్లాడినాడా?" అన్న ఆ మాటను నేను తిరగేసి బోర్లేసి చూశాను. ఏమీ తెలియని మనిషికి నీ తమ్ముడు లోపలున్నాడంటే మొదట ఏమడుగుతాడు? ఏ తమ్ముడు అంటాడు, ఏమైంది అంటాడు, బతికుండాడా అంటాడు. మాట్లాడినాడా అని అడుగుతాడా? తెలిసినవాడే అడిగే మాటలా లేదా అది? కానీ దుఃఖంలో మనుషులు ఏమేమి అడుగుతారో నాకన్నా ఎక్కువ విన్నవాళ్ళు ఎవరు? భర్త పోయాడంటే, "ఆయప్ప టిఫిన్ డబ్బా యాడ?" అని అడిగిన ఆమెను చూశాను.

కొన్నాళ్ళకు సన్మానం చేశారు. వేదిక, శాలువ, పండ్లబుట్ట. ఒక అధికారి మైకు పట్టుకొని, సొంత తమ్ముడని తెలిసి కూడా అని మొదలుపెట్టాడు. మొదటి కథ పుట్టింది ఆ మైకులోనే. ఆయనను రెండు మాటలు మాట్లాడమన్నారు. "నమస్కార" అని కన్నడంలో ఒక్క మాట అని దిగిపోయాడు. ఎంత వినయం అన్నారు. చప్పట్లు.

మెట్ల దగ్గర నేను అధికారిని పట్టుకున్నాను. "సార్, ఆయనకు తెలుసని మీకెవరు చెప్పినారు?"

"తెలీకుండా ఎట్లుంటాది మేడమ్? సొంత తమ్ముడు గదా."

"నేను బండిలో ఉన్నా సార్. నాకే తెలీదు ఆయనకు తెలుసో లేదో."

"బిడి మేడమ్. పిల్లలకు స్ఫూర్తి కావల్ల. మీది యావాగలూ జగళవే."

బిడి అంటే వదిలేయండి అని, యావాగలూ జగళవే అంటే ఎప్పుడూ తగాదానే అని. నిజమే. కానీ చచ్చిపోయినవాడిని స్ఫూర్తి చేసేముందు, బతికున్నవాడిని ఒక్క మాట అడగాలి కదా?

ఆయన డ్యూటీకి తిరిగొచ్చాడు. మొదటి కాల్‌కు పోయినప్పుడు స్ట్రెచర్ దింపి, "అక్కా, ఇంగ తలవైపు నేను" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. నోరున్నదాన్నని పేరు నాకు, అడగలేదు. ఆనాటినుంచి ఆయన ప్రతి ముఖమూ చూశాడు. ఎత్తేముందు తన కండువాతో దుమ్ము తుడిచి మరీ చూసేవాడు. కాళ్ళమీద మాటలు ఆగిపోయాయి. జోకులు ఆగిపోయాయి. ఆ ముఖాలన్నీ ఆయన వెంట ఇంటికి పోయాయి. "నిద్ర పోడక్కా. లేచి కూసోని వాళ్ళు ఎట్లుండారో చెప్తాండాడు" అని ఆయన భార్య నాకు ఫోను చేసి ఏడ్చింది. ఒకరోజు బండి తాళాలు అప్పగించి, సొంతూరు వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు నేనూ మానేశాను. మోకాళ్ళ నొప్పులని అందరికీ చెబుతుంటాను.

అందుకే, పిల్లలూ, మీరు కనిపెట్టుకున్న పద్ధతి ఏదైనా దాన్ని నేను ఎగతాళి చేయను. సముద్రం ఒడ్డున నడుస్తారో, గేటు దగ్గర స్నానం చేస్తారో, మీ ఇష్టం. అది ఒక గోడ, అంతే. అవతల మీ మనిషి పడుకొని ఉన్న రోజున అది మిమ్మల్ని కాపాడుతుందో, మీ మీద కూలుతుందో నాకు తెలీదు. తెలుసని చెప్పేవాళ్ళను నమ్మకండి.

పోయిన కోతలప్పుడు బస్సెక్కి తెక్కలకోటకు పోయాను. ఆ రోజు ఆయనకు తెలుసా లేదా అన్న ప్రశ్నను దారంతా మనసులో అనుకుంటూనే ఉన్నాను. ఆయన ఇప్పుడు వరికోత మిషను తోలుతున్నాడు. బస్టాండుకు వచ్చి టీ, మిరపకాయ బజ్జీ తెప్పించాడు. మనిషి సన్నబడ్డాడు.

"ఏమక్కా, ఎవురితో జగళ చేసి వస్తివి?"

"కండక్టరుతో. చిల్లర ఇయ్యకపోతే ఊరుకుంటానా?"

"పాపం, ఆయప్ప బతికుండాడా?"

నవ్వాడు. పంట గురించి చెప్పాడు, మిషను గురించి చెప్పాడు, భార్య ఆరోగ్యం గురించి చెప్పాడు. నేను ఊఁ కొడుతూ కూర్చున్నాను. ప్రశ్న నాలుక చివరనే ఉంది. చెప్పుల్లేని పాదాలు, బురద ఎండి పొలుసులు లేచి, ఆ వేలు ఆ వేలిమీద ఎక్కి ఉంది. నేను తల ఎత్తలేకపోయాను.

"ఏందక్కా, ముఖం చూడకుండా కాళ్ళే చూస్తాండావు?" అన్నాడు మెల్లగా. "నా మాదిరి అయిపోతివే."

బళ్ళారి బస్సు వచ్చింది. ఎక్కేశాను.

ఇది తెలుగులో రాయడానికి కారణం ఒకటే. ఆయన ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ, చదువుకున్నది కన్నడ బడిలో. తెలుగు అక్షరం రాదు. కాబట్టి తమ్ముడు పిలిచాడని నేను ఇక్కడ రాసింది ఆయన కంటపడదు. అట్లా ధైర్యం చెప్పుకొని మొదలుపెట్టాను. ఇంతదూరం వచ్చాక చూస్తే, ఎవరైనా దీన్ని ఆయనకు చదివి వినిపిస్తే బాగుండుననే ఉంది నాకు. నాకు క్షమాపణ అక్కర్లేదు. ఒక్క జవాబు కావాలి.

అప్పా, కిటికీ పడకముందే ఆ కేక నీకు వినబడిందా? అది విని కూడా నన్ను మాట్లాడినాడా అని అడిగి ఉంటే, నేను లేదన్నప్పుడు ఎందుకు ఊరుకున్నావు?